స్కేటుకు ఒర

(టొరంటో పరిసరాల్లోని కొన్ని తెలుగు కుటుంబాలు చలికాలం మొదట్లో ఏర్పాటు చేసుకున్న సమావేశంలో, స్కేట్లకు సాన పట్టే వృత్తిలో ఉన్న వక్త చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, తల్లిదండ్రులకు, ఇంత చలిలోనూ వచ్చి ముందు వరసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

నన్ను పిలిచినవారు స్కేటింగు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నిజం చెప్పాలంటే స్కేటింగు గురించి చెప్పే అర్హత నాకు లేదు. మంచు మీదికి దిగితే పక్కగోడను వదలని మనిషిని నేను. నా పని ఆ గోడకు ఇవతల ఉంటుంది. పదకొండేళ్ళుగా ఒక చిన్న దుకాణంలో స్కేట్ల బ్లేడ్లకు సాన పడుతున్నాను. కాబట్టి నేను ధైర్యంగా మాట్లాడగలిగిన విషయం ఒక్కటే: ఇంటి గుమ్మం నుంచి రింకు దాకా, అంటే స్కేటింగు చేసే మంచు మైదానం దాకా, రింకు నుంచి తిరిగి ఇంటి దాకా స్కేట్లను ఎలా మోసుకువెళ్ళాలన్నది. దీనికి ఒక సభ అవసరమా అని మీలో కొందరికి అనిపించవచ్చు. కానీ నా బల్ల మీదికి వచ్చే బ్లేడ్లలో, మంచు మీద ఆడి ఆడి మొద్దుబారినవి నాకు పెద్దగా పని పెట్టవు. సంచిలోనో, కారు డిక్కీలోనో, పార్కింగు స్థలంలోనో దెబ్బతిన్నవే నా సాయంత్రాలన్నీ తినేస్తాయి.

ముందుగా ఈ స్కేటును ఒకసారి చూడండి. ఇది ఎనిమిదేళ్ళ పిల్లవాడి హాకీ స్కేటు. దీని బ్లేడు మందం సుమారు మూడు మిల్లీమీటర్లు. దూరం నుంచి చూస్తే కింది భాగం బల్లపరుపుగా ఉన్నట్టు కనిపిస్తుంది కానీ, నిజానికి దాని పొడవునా ఒక సన్నటి గాడి ఉంటుంది. సాన పట్టడమంటే ఆ గాడిని తిరిగి తీర్చడమే. గాడికి అటూ ఇటూ నిలిచిన రెండు వాదరలే మంచును పట్టుకుంటాయి; ఆ పట్టు లేకపోతే మలుపు తిరగడం, ఆగడం రెండూ కష్టమే. ఇప్పుడు ఆ గాడి లోతు ఎంతో ఊహించండి. గాడి వంపు ఒక వృత్తంలో ముక్క అనుకుని, సాధారణంగా వాడే అరంగుళం వ్యాసార్ధంతో, మూడు మిల్లీమీటర్ల బ్లేడుకు లెక్క కడితే, మిల్లీమీటరులో పదో వంతు కూడా రాదు. మనం ప్రింటరులో పెట్టే కాగితం మందం దాదాపు అంతే ఉంటుంది. అంటే మీ అబ్బాయి బరువునంతా మలుపులో నిలబెట్టే వాదర, తన గాడి కన్నా ఒక కాగితం మందమంత ఎత్తున ఉందన్నమాట. మన చలికాలపు రోడ్ల మీద ఉప్పుతో పాటు చల్లే ఇసుకలో దాదాపు ఏ రేణువును తీసుకున్నా ఆ ఎత్తు కన్నా పెద్దదిగానే ఉంటుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే, నేను తరువాత చెప్పబోయేవాటిలో సగం చెప్పకుండానే మీకు అర్థమవుతాయి.

కిందటి నెలలో ఒకావిడ తన కూతురి ఫిగర్ స్కేట్లు, అంటే మంచు మీద నాట్యంలా సాగే స్కేటింగుకు వాడేవి తెచ్చి, "మొన్ననే సాన పట్టించామండీ, అయినా ఎడమ కాలు జారుతోందంటోంది" అన్నారు. బ్లేడు మీద గోరు నడిపి చూశాను. మడమ నుంచి రెండంగుళాలు ముందుకు రాగానే లోపలి వాదర మీద గోరు చటుక్కున ఆగింది. అక్కడొక గంటు ఉంది. కుడి స్కేటు తీసి చూస్తే, దాని బ్లేడు పక్కన నిగనిగలాడే చోట సరిగ్గా ఆ గంటుకు జోడీ అయిన గీత ఉంది. రెండింటినీ తొడుగులు లేకుండా ఒకే సంచిలో వేసి, ఆ సంచిని భుజానికి తగిలించుకుని అమ్మాయి రోజూ బస్సు కోసం పరుగెడుతోంది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని మనవాళ్ళు ఏ సందర్భంలో అన్నారో గాని, స్కేట్ల సంచి విషయంలో అది అక్షరాలా నిజం. ఆ గంటు పోవాలంటే దాని అడుగు దాకా బ్లేడు పొడవునా ఉక్కును అరగదీయాలి. మామూలుగా రాయిని మూడు నాలుగు సార్లు నడిపితే సరిపోయేది, ఆ రోజు పదిహేను సార్లకు పైగా నడపవలసి వచ్చింది. బ్లేడులో ఉన్న ఉక్కే దాని ఆయుష్షు కాబట్టి, ఆ సంచి కొన్ని నెలల ఆయుష్షును తినేసిందనే చెప్పాలి.

అందుకే దేని ఒర దానికి ఉండాలి. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. స్కేట్ల తొడుగులు రెండు రకాలు, రెండింటి పనులూ వేరు. గట్టి ప్లాస్టిక్‌తో చేసిన గార్డు నడవడానికి ఉద్దేశించినది. మంచు అంచు నుంచి బెంచీ దాకా, బెంచీ నుంచి బాత్రూము దాకా వేసుకుని నడిచి, అక్కడితో తీసేయాలి. రెండోది సోకర్ అనే మెత్తని గుడ్డ తొడుగు. అంచున ఎలాస్టిక్ ఉంటుంది, లోపల తువ్వాలు గుడ్డ లాంటిది ఉంటుంది. సంచిలో పెట్టేటప్పుడు వేయవలసింది అది. దుకాణంలో గార్డులు అమ్మేవారు ఈ తేడాను ఎప్పుడూ విడమరచి చెప్పరు. కొనేవారు రెండూ ఒకటే కదా అని ఒకదానితో సరిపెడతారు. గార్డు వేసి సంచిలో పెడితే ఏమవుతుందంటే, బ్లేడుకు అంటుకున్న మంచు పొడి కరిగి ఆ ప్లాస్టిక్ దోనెలో నీరై నిలుస్తుంది, వాదర రాత్రంతా ఆ నీళ్ళలో నానుతుంది. పొద్దున్నే చూస్తే కాషాయ రంగు చుక్కలు. సోకర్‌తో కాంక్రీటు మీద నడిస్తే దానికి వ్యతిరేకమైన ప్రమాదం: ఆ గుడ్డ పది అడుగులకే చిరిగి వాదర నేలకు తగులుతుంది.

గార్డుల్లో చేరే ఇసుక గురించి కూడా చెప్పాలి. గార్డు వేసుకుని బయట ఒక్కసారి నడిచినా దాని గాడిలో ఏదో ఒక రేణువు దూరుతుంది. ఆ తరువాత గార్డు తొడిగిన ప్రతిసారీ, తీసిన ప్రతిసారీ ఆ రేణువు వాదర మీద గీత గీస్తూ పోతుంది. రక్షణ కోసం కొన్న వస్తువే ఆకురాయిలా మారుతుందన్నమాట. వారానికి ఒకసారి గార్డులను కుళాయి కింద పెట్టి, పాత పళ్ళ బ్రష్‌తో లోపల రుద్ది, బోర్లించి ఆరబెట్టండి. ఈ పని పిల్లలకే అప్పగించవచ్చు. నా అనుభవంలో వాళ్ళే బాగా చేస్తారు.

ఇక తడి సంగతి. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళ సీసాకు చెమటలు పట్టడం మనందరం చూస్తూనే ఉంటాం. స్కేటు బ్లేడుకూ జరిగేది అదే. మంచు మీద గంటసేపు తిరిగిన ఉక్కు బాగా చల్లబడి ఉంటుంది. దాన్ని వెచ్చటి గదిలోకి తేగానే గాలిలోని తేమ దాని మీద నీరై పేరుకుంటుంది. అందువల్ల బెంచీ మీద కూర్చుని ఒకసారి తుడిచి సంచిలో పెట్టేస్తే చాలదు. ఒకసారి తుడవండి, పిల్లవాడికి బూట్లు తొడిగి లేసులు కట్టండి, ఆ అయిదు నిమిషాల్లో బ్లేడు మళ్ళీ చెమరుస్తుంది కనుక ఇంకొకసారి తుడవండి. వాదరతో పాటు బ్లేడు బూటును కలిసే చోట, మరమేకుల చుట్టూ, ఫిగర్ స్కేటు అయితే ముందున్న పళ్ళ సందుల్లో కూడా గుడ్డ వెళ్ళాలి. తోలు అడుగున్న బూట్లలో మర రంధ్రాల గుండా నీరు దిగితే తోలు లోలోపల కుళ్ళి, ఒకరోజు మర పట్టు వదులుతుంది. ఈ పనికి ఏ ప్రత్యేకమైన గుడ్డా కొననక్కరలేదు. మా ఇంట్లో మా నాన్నగారి పాత నూలు పంచె ముక్కలుగా కోసి పెట్టుకున్నాం. అంత బాగా నీరు పీల్చే గుడ్డ ఈ దేశంలో నాకు దొరకలేదు.

రెండేళ్ళ కిందట ఒక కుటుంబం వేసవి సెలవులకు విశాఖపట్నం వెళ్తూ, మనవరాలు స్కేటింగు నేర్చుకుంటోందని అమ్మమ్మకు చూపిద్దామని ఆ జోడును కూడా పెట్టెలో పెట్టుకు వెళ్ళారు. ముచ్చటైన ఆలోచనే. ఇరుగుపొరుగంతా వచ్చి చూశారట. తరువాత ఆ స్కేట్లు గట్టి గార్డులతోనే, సముద్రపు గాలి తగిలే గదిలో మంచం కింద ఆరు వారాలు ఉన్నాయి. అమ్మమ్మగారు ఒకరోజు తుప్పు గమనించి, ఇంట్లో కత్తిపీటకు రాసినట్టే కొబ్బరినూనె రాశారు. ఆమె చేసినదాంట్లో తప్పేమీ లేదు, నూనె పూత లేకపోతే ఇంకా పాడయ్యేవి. కాకపోతే ఆ నూనె ఇక్కడి చలికి పేరుకుని, గాడి నిండా తెల్లగా గడ్డకట్టి నా దగ్గరికి వచ్చింది. మీరు స్కేట్లను నెలల తరబడి వాడకుండా ఉంచవలసి వస్తే, కుట్టుమిషనుకు వేసే పలచటి నూనెను ఒక చుక్క గుడ్డ మీద వేసి బ్లేడుకు పూయండి, పొడి సోకర్ తొడగండి, మందుల సీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలను సంచిలో వేయండి. తిరిగి మంచు మీదికి దిగేముందు ఆ నూనెను పూర్తిగా తుడిచేయడం మరచిపోవద్దు.

ఇంతసేపూ బ్లేడు గురించి చెప్పాను. దాని వల్ల మనుషులకు కలిగే ప్రమాదం ఇంకా పెద్దది. 2023 అక్టోబరులో ఇంగ్లండులోని షెఫీల్డులో ఆట మధ్యలో ఆడమ్ జాన్సన్ అనే హాకీ క్రీడాకారుడి మెడకు మరొకరి స్కేటు తగిలి ఆయన ప్రాణం పోయింది. అది మంచు మీద జరిగిన దుర్ఘటన, మనం మాట్లాడుకుంటున్నది వేరు. అయినా అదే ఉక్కును మనం లాబీలో, లిఫ్టులో, బస్సులో మోసుకు తిరుగుతున్నామన్న సంగతి గుర్తుండాలి. బొమ్మల్లో, గ్రీటింగు కార్డుల్లో రెండు స్కేట్ల లేసులు ముడివేసి మెడకు తగిలించుకుని మంచులో నడిచి వెళ్ళే పిల్లలు కనిపిస్తారు. చూడడానికి ఎంతో బాగుంటుంది. ఆ బ్లేడ్లు ఊగేది సరిగ్గా పక్కన నడిచే చిన్నపిల్లల ముఖాల ఎత్తులో. మెడకు తగిలించుకున్న పిల్లవాడే మంచు మీద కాలు జారి పడితే రెండు స్కేట్లూ వాడి రొమ్ము కింద పడతాయి. తొడుగులు లేకుండా అలా మోయడం నాకు ఏమాత్రం నచ్చదు, ఎవరైనా అలా వస్తే దుకాణం తలుపు దగ్గరే చెబుతాను.

మన ఊళ్ళలో పదునైన వస్తువును మోసే మర్యాదలు బాగా తెలిసినవాళ్ళు ఉండేవారు. మా తాతగారి ఊళ్ళో మంగలి తన కత్తులను తోలు పొదిలో పెట్టుకుని తప్ప వీధిలోకి వచ్చేవాడు కాదు. కోతలకు వెళ్ళే ఆడవాళ్ళు కొడవలి వాదర వెనక్కు తిరిగేలా పట్టుకుని నడిచేవారు. కత్తినిగాని కత్తిపీటనుగాని చేతికి చేతికి అందించకుండా కింద పెట్టి తీసుకొమ్మనడం మనలో చాలామంది ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. పోట్లాటలు వస్తాయని దానికి కారణం చెబుతారు, అసలు కారణం వేళ్ళు తెగుతాయనే అయివుంటుందని నా అభిప్రాయం. స్కేటును కూడా అలాగే అందించండి: బెంచీ మీద పెట్టి, లేదా బూటు మడమ అవతలివారి వైపు ఉండేలా, బ్లేడుకు తొడుగు వేసి. పిల్లలు తొందరలో బ్లేడు పట్టుకుని స్కేటును ఎత్తుతారు. బూటు మడమ పట్టుకుని ఎత్తడం మొదటి రోజు నుంచే అలవాటు చేయండి.

కారు విషయానికి వద్దాం. ఇంట్లోనే స్కేట్లు తొడిగి, గార్డులు వేసి, పిల్లవాడిని వెనుక సీట్లో కూర్చోబెట్టి రింకుకు తీసుకువచ్చే తల్లిదండ్రులను నేను చూస్తుంటాను. ఆదివారం పొద్దున ఆరున్నరకు ప్రాక్టీసు ఉంటే వాళ్ళ బాధ నాకు తెలుసు. అయినా అలా చేయకండి. ఆ గార్డులతో పార్కింగు స్థలంలోని ఉప్పు, ఇసుక, గడ్డకట్టిన నీటి మీదుగా నడిచే పిల్లవాడి చీలమండ ఏ అడుగుకు మడత పడుతుందో చెప్పలేం. స్కేట్లను వెనుక అద్దం ముందున్న అరమీద గాని, ఖాళీ సీటు మీద గాని వదలడం అంతకన్నా తప్పు. హఠాత్తుగా బ్రేకు వేస్తే ఆ జోడు ముందు కూర్చున్నవారి తల మీదికే ఎగిరి వస్తుంది. వాటి చోటు డిక్కీ. హాకీ సంచులకు రెండు చివరలా విడి అరలు ఉండేది స్కేట్ల కోసమే; వాటిలో మీరు నీళ్ళ సీసాలు పెట్టి, స్కేట్లను ప్యాడ్ల మధ్య దూర్చకండి.

అయితే డిక్కీ ప్రయాణానికే గాని నివాసానికి కాదు. జనవరి రాత్రి బయట నిలిపిన కారులో స్కేట్లను వదిలేస్తే బూట్లు చెక్కలా బిగుసుకుపోతాయి, పొద్దున్నే పాదం దూరదు, వెచ్చటి గదిలోకి తెచ్చిన క్షణం నుంచి ఉక్కు చెమర్చడం మొదలవుతుంది. జులైలో అయితే వేడి. ఇప్పటి బూట్లలో చాలావాటిని పాదం ఆకారానికి తీర్చడానికి దుకాణంలో ఓవెన్‌లో పెట్టి వేడి చేస్తాం. ఎండలో మూసివుంచిన కారు కూడా ఆ బూటుకు ఒక ఓవెనే. ఎంత వేడిలో ఎంతసేపు ఉందో ఎవరూ చూడని ఓవెన్ అది. జిగురు మెత్తబడుతుంది, ఆకారం వదులవుతుంది. తడిసిన బూట్లను ఇంట్లో హీటరు మీద ఆరబెట్టడం కూడా అలాంటిదే. లోపలి అట్టను బయటకు తీసి, నాలుకను ముందుకు లాగి, గది గాలికి వదిలితే చాలు.

మీలో కొందరు ఫిబ్రవరిలో ఒట్టావా వెళ్ళి చలికి గడ్డకట్టే రిడో కాలువ మీద స్కేటింగు చేస్తారు. ఆ దారి 7.8 కిలోమీటర్లు ఉంటుంది. ఒక చోట దిగి మరో చోట పైకి రావచ్చు కనుక బూట్లను బెంచీ కింద వదిలి వెళ్ళడం కుదరదు. వీపు సంచి తప్పనిసరి. వెళ్ళేటప్పుడు అందులో బూట్లు, వచ్చేటప్పుడు స్కేట్లు. ఆ సంచిలో బ్లేడ్లను వీపుకు దూరంగా, వాదరలు బయటికి ఉండేలా పెట్టుకోండి. జారి వెల్లకిలా పడినా అవి వెన్నెముకకు గుచ్చుకోకూడదు. నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్ ప్రాంతంలో పదకొండు పట్టణాలను కలుపుతూ సుమారు 200 కిలోమీటర్ల పందెం ఒకటుంది, గడ్డకట్టిన కాలువల మీద జరిగేది, చివరిసారి 1997లో జరిగింది. మంచు బలహీనంగా ఉన్న వంతెనల దగ్గర స్కేటర్లు ఒడ్డెక్కి, స్కేట్లతోనే నడిచి, అవతల మళ్ళీ దిగుతారు. ఆ నడకకు వాళ్ళ భాషలో ఒక ప్రత్యేకమైన మాటే ఉంది: క్లూనెన్. ఆ కాస్త దూరానికి ఊళ్ళవాళ్ళు తివాచీలు తెచ్చి పరుస్తారు. పందెంలో ఉన్నవాడు కూడా బ్లేడును మట్టికి తగలనివ్వడు.

దీనికి మినహాయింపు లేకపోలేదు. 2011 మార్చి 11న జపానులో పెద్ద భూకంపం వచ్చినప్పుడు, తరువాత ఫిగర్ స్కేటింగులో రెండుసార్లు ఒలింపిక్ స్వర్ణం గెలిచిన యుజురు హన్యూ సెందాయ్ రింకులో ప్రాక్టీసులో ఉన్నాడు. అప్పటికి పదహారేళ్ళవాడు. స్కేట్లు విప్పే వ్యవధి లేక వాటితోనే బయటకు పరుగెత్తాడు. రింకులో ఎప్పుడైనా అగ్నిప్రమాదపు గంట మోగితే మీ పిల్లలూ అదే చేయాలి. బ్లేడును నేను చూసుకుంటాను.

చివరిగా విమానం. అమెరికా విమానాశ్రయాల తనిఖీ సంస్థ టీఎస్ఏ ఐస్ స్కేట్లను చేతి సంచిలోనూ, చెక్-ఇన్ సామానులోనూ అనుమతిస్తుంది. తుది నిర్ణయం మాత్రం అక్కడున్న అధికారిదే. పోటీలకు వెళ్ళేవారు స్కేట్లను చేతి సంచిలోనే ఉంచుకోవడానికి కారణం ఉంది. బట్టల పెట్టె పోతే ఎవరివో బట్టలు అడిగి వేసుకోవచ్చు. నెలల తరబడి పాదానికి అలవాటు పడిన బూటును ఎవరూ అప్పివ్వలేరు. మిగతా దేశాల్లో ఈ నియమం ఇలాగే ఉంటుందని అనుకోకండి. మధ్యలో విమానం మారే చోట మళ్ళీ తనిఖీ ఉంటే అక్కడ ఆపవచ్చు. హైదరాబాదు నుంచి లేహ్‌కో, డెహ్రాడూన్‌కో పోటీలకు వెళ్ళే స్కేటర్ల తల్లిదండ్రులు మీ బంధువుల్లో ఉంటే, వారికి నేను చెప్పేది కూడా ఇదే: విమానసంస్థను ముందే అడగండి, పెట్టెలో వేయవలసి వస్తే దానికి సిద్ధపడే బయలుదేరండి. పెట్టెలో వేసేటప్పుడు ఒక్కో స్కేటునూ సోకర్‌తో, దాని మీద తువ్వాలుతో చుట్టి, బట్టల నడుమ పెట్టండి. మేజోళ్ళు ఉండలుగా చేసి బూటు లోపల కుక్కితే పై బరువుకు అది నలగదు. పదునైనవాటిని గట్టిగా చుట్టి పెట్టమని టీఎస్ఏ చెప్పేది మన వస్తువు కోసం కాదు, పెట్టె తెరిచి తనిఖీ చేసే ఉద్యోగి చెయ్యి తెగకూడదని. చిన్న వలయంలో వేగపు పందేలకు వాడే షార్ట్ ట్రాక్ స్కేట్ల విషయంలో ఇంకో జాగ్రత్త కావాలి: వాటి బ్లేడును మలుపుల కోసం పొడవునా కొద్దిగా వంచి ఉంచుతారు, పెట్టె మీద పడిన ఒక్క దెబ్బకు ఆ వంపు మారవచ్చు, గట్టి పెట్టె తప్ప వేరే మార్గం లేదు. దిగిన తరువాత ఏ స్కేటుకైనా మరమేకులు ఒకసారి చేత్తో చూసుకోండి.

ఇంక నేను మాట్లాడేది తక్కువ, చూసేది ఎక్కువ. ఆ మూల బల్ల మీద కుళాయి పక్కనే రెండు బ్రష్‌లు, పంచె ముక్కలు పెట్టాను. మీరు తెచ్చిన సంచులు అక్కడికి తీసుకురండి. ముందుగా పిల్లల గార్డులు తీసి బోర్లించి తట్టండి, ఎవరి గార్డు నుంచి ఎక్కువ ఇసుక రాలుతుందో చూద్దాం.